వెలుగుకు విడిచిన దారి

చిత్రకారుడు తన రంగులను అంగడిలో కొనుక్కుంటాడు. శిల్పి తన రాతిని గని నుంచి తెప్పించుకుంటాడు. పని ముగిసిన తరువాత ఆ రంగును గాని, ఆ రాతిని గాని పొరుగువాడు వచ్చి పట్టుకొని పోజాలడు. కాని లోకంలో మరొక తెగకు చెందిన కట్టడాలు ఉన్నవి. వాటికి గోడలు ఉన్నవి, గుమ్మాలు ఉన్నవి, ఎక్కడనో ఒక తెరపి ఉన్నది. చూడవలసిన వస్తువు మాత్రం లోపల లేదు. అది బయటి నుంచి రావలసినదే. ఆకాశపు తునకగానో, సూర్యకిరణంగానో, ఒక నీడగానో అది వస్తుంది. కట్టినవాడు దానికి వెల ఇవ్వలేదు. దానిని పెట్టెలో దాచనూ లేడు. అది వచ్చే దారిని విడిచిపెట్టి, ఆ దారికి రాతితో హద్దులు కట్టి తాను తప్పుకున్నాడు. అట్టి కట్టడాలలో మనకు దగ్గరివైన కొన్నింటి చరిత్రనూ, వాటికి ఈ కాలంలో పొరుగు నుంచి వచ్చిన ఆపదనూ ఇక్కడ విచారించదలచినాను.

మండువా లోగిళ్ళు చూచిన తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. నాలుగు వైపుల పెంకుటికప్పులు లోపలికి వాలి, నడుమ నలుచదరపు చోటును ఆకాశానికి వదలివేస్తవి. వాన కురిస్తే నాలుగు చూరుల నుంచి నీరు లోపలికే జారుతుంది. ఎండ కాస్తే ఆ వెలుగు నలుచదరం ఉదయం పడమటి గోడ మీద బయలుదేరి, మధ్యాహ్నానికి నేలకు దిగి, సాయంకాలానికి తూర్పు గోడ ఎక్కుతుంది. గోడగడియారం లేని ఇళ్ళలో ఆడవారు ఆ ఎండ అంచును చూచి ఎసరు పెట్టేవారు. వేసవి రాత్రులలో అక్కడ పడక వేసుకున్న పిల్లలకు చుక్కలు చట్రంలో బిగించినట్లు కనిపించేవి. నిద్ర వచ్చేలోగా ఏదో ఒక చుక్క చూరు చాటుకు పోయేది. ఇది గాలికీ, వెలుతురుకూ, వాననీటికీ చేసిన ఏర్పాటే గాని కళ కొరకు చేసినది కాదు. అయినా ఆరుబయట నిలుచుని చూచిన ఆకాశం వేరు, మండువాలో చూచిన ఆకాశం వేరు. బయట అది అందరిదీ. ఇక్కడ అది మన ఇంటిది.

నేను ఈ వ్యాసం వ్రాస్తున్న మరోదాలో మండువాలు లేవు. ఛత్తీస్‌గఢ్‌లోని ఒక పల్లె పేరు ఇప్పుడు భిలాయి ఉక్కునగరంలో ఒక విభాగానికి పేరైనది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య జరిగిన ఒడంబడిక వల్ల ఈ కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. ఆ నాటి నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు విజయనగరం, రాయగడల మీదుగా రైలెక్కి ఇక్కడికి వచ్చి స్థిరపడుతూ వచ్చినారు. కర్మాగారానికి నీరందించే మరోదా జలాశయం గట్టు మీద నిలిస్తే ఆకాశానికి అడ్డు తక్కువ. మా చిన్నతనంలో రాత్రివేళ కరిగిన ఇనుపచిట్టెం పారబోసినప్పుడు ఒక మూల ఆకాశమంతా తెల్లవారుజాము వలె ఎర్రబారేది. అర్ధరాత్రి అరుణోదయం ఈ ఊరి పిల్లలకు వింత కాదు. నిజమైన సూర్యోదయం కోసం మాత్రం ఇక్కడి తెలుగువారు కొందరు ఏటా మార్చి మొదటి వారంలో మూటాముల్లె సర్దుకుంటారు. వారు ఎక్కడికి పోతున్నదీ అడగనక్కర లేదు. అరసవల్లికే.

అరసవల్లి శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్నది. అక్కడి సూర్యనారాయణస్వామి ఆలయాన్ని 7వ శతాబ్దంలో కళింగాన్ని ఏలిన తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించినాడని ప్రసిద్ధి. దేవేంద్రుడే తన వజ్రాయుధంతో అక్కడి ఇంద్రపుష్కరిణిని త్రవ్వినాడని స్థలపురాణం. నేడు మనం చూచే కట్టడంలో చాలా భాగం 18వ శతాబ్దపు పునర్నిర్మాణం. ఏటా మార్చి 9, 10, 11 తేదీలలోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీలలోనూ ఉదయాన సూర్యకిరణాలు గోపురపు వాకిలి గుండా ప్రవేశించి, అనివెట్టి మండపాన్ని దాటి, గర్భాలయంలోని నల్లరాతి మూర్తి పాదాలను తాకుతవి. అదైనా కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ తరువాత స్వామికి నెలల తరబడి దీపపు వెలుగే.

భక్తులు దీనిని మహిమ అంటారు. కాదనడానికి నేను పూనుకోలేదు. అయితే ఆ తేదీలను కొంచెం నిదానించి చూచినవారికి కట్టినవారి బుద్ధి కూడా కనిపిస్తుంది. సూర్యుడు సరిగా తూర్పున ఉదయించే దినాలు ఏడాదికి రెండే: మార్చి 20, 21 ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో ఒకటి. వీటినే విషువత్తులంటారు. మార్చి 10వ తేదీ మొదటి విషువత్తుకు పది దినాలు ముందున్నది. అక్టోబరు 2వ తేదీ రెండవదానికి తొమ్మిది, పది దినాలు వెనుక ఉన్నది. అనగా ఈ రెండు వేళలలోనూ సూర్యుడు తూర్పునకు సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా, దాదాపు ఒకే చోట పొడుస్తాడు. దక్షిణాయనంలో దిగిపోతూ ఒకసారి, ఉత్తరాయణంలో మరలి వస్తూ ఒకసారి, ఆయన అదే గుమ్మం ఎదుటి నుంచి నడుస్తున్నాడన్నమాట. ఆ రోజులలో ఉదయస్థానం దినానికి 0.4 డిగ్రీ చొప్పున జరుగుతుంది. సూర్యబింబపు వెడల్పు అర డిగ్రీ. మూడు దినాలు గడిచేసరికి బింబం తన వెడల్పుకు రెండింతలకు పైగా పక్కకు జరిగిపోతుంది. నాలుగవ నాడు కిరణం గుమ్మం తప్పడంలో ఆశ్చర్యం లేదు. పొడిచిన సూర్యుడు ఒక డిగ్రీ ఎత్తు ఎక్కడానికి నాలుగు నిమిషాలకు కొంచెం పైన పడుతుంది. పై ద్వారబంధం అడ్డు వచ్చేంత వరకే ఆ కిరణానికి ఆయుష్షు.

చరిత్రను చదివేవారికి ఇందులో మరొక విశేషం ఉన్నది. మన పండుగలలో ఎక్కువ భాగం తిథిని బట్టి వచ్చేవి. సూర్యునికి పరమప్రీతికరమైన రథసప్తమి కూడా మాఘ శుద్ధ సప్తమి, అనగా చంద్రుని లెక్క. ఆ నాడు అరసవల్లిలో ఇసుక వేస్తే రాలనంత జనం. కాని కిరణం ఆ నాడు రాదు. మకరసంక్రాంతి సూర్యుని లెక్కే గాని, నక్షత్రాలతో ముడిపడినది గనుక అసలైన ఉత్తరాయణ ప్రవేశం కంటె ఈనాటికి ఇంచుమించు ఇరవై నాలుగు దినాలు వెనుకబడినది. అరసవల్లి గుమ్మానికి ఈ చిక్కులు లేవు. దానికి తెలిసినది సూర్యుడు ఏ దిక్కున పొడుస్తున్నాడన్న ఒక్క విషయమే. పునర్నిర్మాణంలో గోడలు మారినవి, మండపాలు మారినవి. దారి మాత్రం తెరచియే ఉన్నది. ఆ పని చేసిన తాపీవారిని తలచుకొనేవారు ఎవరూ లేరు.

నేను అక్కడ రెండు పర్యాయాలు నిలిచినాను. అక్టోబరులో పోయినప్పుడు తూర్పున మబ్బు పట్టి, సూర్యుడు వచ్చినదీ పోయినదీ తెలియలేదు. తెల్లవారుజాము నుంచి నిలుచున్న జనం గోవిందనామం చెప్పి ఇళ్ళకు మళ్ళినారు. ఎవరూ నొచ్చుకున్నట్లు కనిపించలేదు. మార్చిలో మాత్రం దర్శనం లభించినది. పసుపు కలిసిన ఎరుపు కాంతి ఒకటి మనుషుల మోకాళ్ళ నడుమ నుంచి, భుజాల పక్క నుంచి లోపలికి ప్రాకినది. అప్పుడు అర్చకులు చేసిన హెచ్చరిక నాకు నేటికీ గుర్తు: అందరూ పక్కకు ఒదగండి, దారి ఇవ్వండి, అని. సాధారణంగా గుడిలో ముందున్నవాడు తప్పుకోకపోతే వెనుక ఉన్నవానికి దర్శనం కాదు. ఇక్కడ ముందున్నవాడు తప్పుకోకపోతే స్వామికే వెలుగు కాదు. ఆ కొద్ది నిమిషాలు అంతమంది జనం గోడలకు అంటుకొని నిలువగా, నట్టనడుమ ఖాళీగా ఉన్న బాట మీద ఎండ ఒక్కటే నడిచినది. మన దేశంలో తోసుకోకుండా నిలిచిన గుంపును నేను అక్కడనే చూచినాను.

నల్లగొండకు చేరువలోని పానగల్లులో దీనికి జంటగా చెప్పదగినది మరొకటి ఉన్నది. పానగల్లు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఉదయసముద్రమనే చెరువు ఆ కాలపు జ్ఞాపకం. 11, 12 శతాబ్దాల నాటి ఛాయా సోమేశ్వరాలయం ఆ ఊరికి పేరు తెచ్చినది. మూడు గర్భాలయాలు ఒకే మండపంలోనికి తెరచుకొని ఉండే త్రికూటాలయం అది. వాటిలో ఒకదానిలో లింగానికి వెనుక గోడ మీద స్తంభాకారపు నీడ ఒకటి పగలంతా కదలక నిలిచి ఉంటుంది. సూర్యుడు కదులుతూ ఉంటే నీడ ఎట్లు కదలదని యాత్రికుల ప్రశ్న. ఏ స్తంభపు నీడ అది అని మరొక ప్రశ్న. అక్కడికి ఎండ నేరుగా రాదు. ఆకాశపు చెదరిన వెలుగు మండపపు పక్కల నుంచి లోపలికి వచ్చి, ఒక్క స్తంభాన్ని కాదు, కొన్నింటిని తాకి, వాటి నీడలను గోడ మీద ఒకదానిపై ఒకటి కలిపి ఒకే నీడగా నిలుపుతున్నది. చెదరిన వెలుగుకు సూర్యుని నడకతో పని లేదు. అరసవల్లి కట్టినవారు సూర్యుని ఒక్క క్షణం కోసం కాచుకొని కూర్చున్నారు. పానగల్లు కట్టినవారు సూర్యుణ్ణి పక్కన పెట్టి ఆకాశాన్నే దీపంగా చేసుకున్నారు. రెండవదే కష్టమైన పని అని నాకు తోస్తుంది.

దేవుని పని గాక, కేవలం ఆకాశం కోసమే మన దేశంలో రాతికట్టడాలు లేచినది 18వ శతాబ్దంలో. ఆంబేరు రాజు సవాయి జయసింహుడు 1724 ప్రాంతంలో ఢిల్లీలోనూ, తరువాత తాను 1727లో నిర్మించిన జయపురంలోనూ, ఉజ్జయినిలోనూ, కాశిలోనూ, మధురలోనూ వేధశాలలు కట్టించినాడు. ఇత్తడి పరికరాలు చిన్నవి, వాటి ఇరుసులు అరుగుతవి, లెక్క తప్పుతుంది. కనుక కదలని రాతితోనూ సున్నంతోనూ పెద్ద పరికరాలు కావలెనని ఆయన నిశ్చయం. జయపురపు సామ్రాట్ యంత్రం ఎత్తు 27 మీటర్లు. దాని నీడ చలువరాతి చాపం మీద సెకండుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున నడుస్తుంది. కాలం నడవడం కంటితో చూడగలిగిన చోట్లు లోకంలో ఎన్నో లేవు. ఢిల్లీలోని రామయంత్రం కప్పు లేని గుండ్రని గోడ. నడుమ ఒక స్తంభం. లోపల నిలిచి తల ఎత్తితే గుండ్రంగా కోసిన ఆకాశం తప్ప మరేమీ కనిపించదు. జయప్రకాశ యంత్రం నేలలో దించిన అర్ధగోళం, ఆకాశానికి బోర్లించిన అచ్చు వంటిది. దాని చలువరాతి పలకల నడుమ సందులు విడిచినారు. పరిశీలకుడు రాత్రివేళ ఆ సందులోనికి దిగి, పలక అంచు నుంచి పైనున్న అడ్డుతీగల కూడలి మీదుగా నక్షత్రాన్ని చూడవలెను. ఒక గోళంలో సందు ఉన్న చోట జంటగోళంలో పలక ఉంటుంది. చూచేవాడు నిలువవలసిన చోటును కూడా కట్టడంలో లెక్క కట్టిన ఈ ఏర్పాటును చూచినప్పుడు అరసవల్లిలో ఒదిగి నిలిచిన జనం నాకు జ్ఞాపకం వచ్చినారు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పుకొనక తప్పదు. ఈ రాళ్ళకు పునాది అనువాదం. జయసింహుని ఆస్థానంలోని జగన్నాథ సామ్రాట్టు గ్రీకు పండితుడు టాలమీ ఖగోళగ్రంథాన్ని అరబ్బీ నుంచి సంస్కృతంలోనికి తెచ్చినాడు. యూక్లిడ్ గ్రంథాన్ని నసీరుద్దీన్ తూసీ అరబ్బీ పాఠం నుంచి అనువదించి దానికి ‘రేఖాగణితం’ అని పేరు పెట్టినాడు. ఆ పేరునే మన పిల్లలు పలకల మీద వ్రాసుకున్నారు. అది ఒక అనువాదకుని గ్రంథం పేరు అని వారికి గాని, వారి అయ్యవార్లకు గాని తట్టి ఉండదు. అనువాదకుని కీర్తి చాలా వరకు ఇట్లే ఉంటుంది. నాకు ఇందులో ఫిర్యాదు లేదు.

మన కాలంలో ఈ పనిని కళగా చేసినవాడు అమెరికా దేశస్థుడు జేమ్స్ టరెల్. 1943లో లాస్ ఏంజెలెస్ నగరంలో పుట్టినాడు. మౌనంగా కూర్చుండి ప్రార్థించే క్వేకరు కుటుంబం వారిది. కళాశాలలో అతడు చదివినది చిత్రలేఖనం కాదు, కన్ను ఎట్లు చూస్తుందన్న మనశ్శాస్త్రం. విమానం నడపడం కూడా నేర్చినవాడు. 1970ల నుంచి అతడు ‘స్కైస్పేస్’ అనే గదులు కట్టడం మొదలుపెట్టినాడు; ఇప్పటికి ఎనభైకి పైగా వివిధ దేశాలలో వెలసినవి. ఒక గది, చుట్టూ అరుగు, కప్పులో గుండ్రంగానో చదరంగానో ఒక రంధ్రం, అంతే. ఆ రంధ్రపు అంచును కప్పు మందం కనపడనంత పలుచగా చెక్కుతారు. దానితో ఆకాశం దూరాన ఉన్నట్లు గాక, కప్పుకు నీలిరంగు పలక అంటించినట్లు తోస్తుంది. ఉదయ సాయంకాలాలలో గోడల మీద దీపాల రంగు మార్చితే ఆకాశపు రంగు కూడా మారినట్లు కంటికి కనిపిస్తుంది. ఆకాశంలో ఏ మార్పూ లేదు. మారినది మన చూపు.

టరెల్ గదులలో నేను కూర్చుండలేదు. చదివినదీ, చిత్రాలలో చూచినదీ మాత్రమే నాకు తెలిసినది. చదివినప్పుడు శంకరుల బ్రహ్మసూత్రభాష్యపు ఉపోద్ఘాతం గుర్తుకు వచ్చినది. కంటికి గోచరించని ఆకాశానికి బాలురు తలాన్నీ మాలిన్యాన్నీ ఆరోపిస్తారని అక్కడ అధ్యాసకు ఉదాహరణ. లేని తలం ఉన్నట్లు కనిపించడమే టరెల్ గది చూపించే వింత. వేదాంతి పోగొట్టదలచిన భ్రమను ఈ కళాకారుడు శ్రద్ధగా కట్టి, అరుగు వేసి, కూర్చుండి చూడమంటున్నాడు. ఆ భ్రమను భ్రమగా చూడగలగడం కూడా ఒక తెలివియే గనుక వీరిరువురికీ మరీ అంత వైరం లేదేమో. ‘స్కైస్పేస్’ అన్న మాటను ఎట్లు అనువదించవలెనని కొంతకాలం యోచించినాను. హిందీలో ‘అవకాశ్’ అంటే సెలవు, తెలుగులో అవకాశం అంటే వీలు, సంస్కృతంలో చోటు. ఆ గదికి ఈ మూడర్థాలూ సరిపోతవి. కాని అవకాశం అని వ్రాస్తే పాఠకుడు ఉద్యోగ ప్రకటన అనుకుంటాడు. మా ఊరి పెద్ద ఒకామెకు బొమ్మ చూపించగా, ‘ఇది మండువా కాదుటయ్యా’ అన్నది. అంతకంటె మంచి అనువాదం నాకు దొరకలేదు.

ఇంతవరకు చెప్పినది కట్టినవారి గొప్ప. ఇక పొరుగువారి మాట. అమెరికాలోని డాలస్ నగరంలో నాషర్ శిల్పోద్యానం 2003లో తెరచినారు. టరెల్ అక్కడ ఇట్టి గది ఒకటి కట్టినాడు. పది సంవత్సరాలు నిండకముందే ఆ ఉద్యానానికి ఎదురుగా నలభై రెండు అంతస్తుల నివాసభవనం లేచినది. గదిలో కూర్చుండి పైకి చూస్తే ఆ రంధ్రంలో ఆకాశానికి బదులు భవనపు కొస కనిపించసాగినది. ఎవరూ గదిని ముట్టలేదు; ఒక ఇటుక కూడా కదలలేదు. అయినా తన కృతి నశించినదని 2012లో టరెల్ ప్రకటించినాడు; గదిని మూసివేసినారు. నశించిన కళాఖండాల చరిత్ర మనకు చాలా తెలుసును: విరిచినవి, కాల్చినవి, దొంగిలించినవి. తాను చెక్కుచెదరకుండా నిలిచియుండగానే నశించిన కృతి అన్నది మాత్రం కొత్త రకం.

కొత్త రకమే గాని మనకు పూర్తిగా కొత్తది కాదు. జయసింహుడు ఢిల్లీలో యంత్రాలు నిలిపిన చోటు నగరానికి వెలుపలి బయలు. 20వ శతాబ్దంలో కొత్త ఢిల్లీ దాని చుట్టూ లేచినది. కన్నాట్ ప్లేస్ పరిసరాలలో కట్టిన ఎత్తైన భవనాలు ఈనాడు యంత్రాల దిగంతాన్ని మూసివేసి నిలిచినవి. నేను ఒక సాయంకాలం అక్కడ ఉన్నప్పుడు, సూర్యాస్తమయానికి ఇంకా చాలా పొద్దు ఉండగానే ఒక భవనపు నీడ వచ్చి యంత్రపు నీడను మింగివేసినది. పిల్లలు మెట్లెక్కి ఆడుకుంటున్నారు. ఎవరికీ ఏమీ జరిగినట్లు లేదు. మధురలోని వేధశాల 19వ శతాబ్దంలోనే ఆనవాలు లేకుండా పోయినది. ఉజ్జయిని ఒక్కటే అదృష్టవంతురాలు. 1923లో గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియా దానిని బాగు చేయించినాడు. అక్కడి నుంచి ఈనాటికీ ఏటేటా గ్రహగతుల పట్టిక వెలువడుతున్నది.

చట్టం ఏమంటున్నదని అడగవచ్చు. వెలుగు కూడా ఆస్తి వంటిదేనని మన చట్టం ఎప్పుడో ఒప్పుకున్నది. 1882 నాటి భారతీయ ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షను ప్రకారం ఒక కట్టడానికి ఇరవై సంవత్సరాలు నిరాటంకంగా, తగాదా లేకుండా వచ్చిన వెలుగు ఆ కట్టడానికి హక్కు అవుతుంది. ఆ చట్టం మొట్టమొదట అమలైన ప్రాంతాలు మూడే: మద్రాసు రాజధాని, మధ్యపరగణాలు, కూర్గు. అంటే అరసవల్లి ఉన్న నేలకూ, మరోదా ఉన్న నేలకూ ఒకే నాడు ఆ హక్కు సంక్రమించినది. అయితే న్యాయస్థానం అడిగే ప్రశ్న, గదిలో సుఖంగా మసలడానికి చాలినంత వెలుగు మిగిలినదా లేదా అని. అది ఏ దిక్కు నుంచి, ఏ నాడు, ఏ ఘడియకు వచ్చినదన్న విచారణ అక్కడ లేదు. ఏడాదికి ఆరు ఉదయాలు కొద్ది నిమిషాలు వచ్చే కిరణాన్ని ఆ కొలతతో కొలిస్తే మిగిలేది సున్న.

ప్రాచీన కట్టడాల రక్షణకు 1958లో వచ్చిన చట్టం వేరొకటి ఉన్నది. 2010 నాటి సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతితో మాత్రమే కట్టవలెను. రాతిని కాపాడడానికి ఇది మంచి కంచె. కాని వెలుగు ఈ కంచె లోపల పుట్టేది కాదు. సూర్యుడు దిగంతానికి మూడు డిగ్రీల ఎత్తున ఉన్నాడనుకుందాము. కంచెకు వెలుపల, 300 మీటర్ల దూరంలో, గుమ్మానికి సూటిగా పదహారు మీటర్ల ఎత్తు భవనం లేచినా సూర్యుడు దాని చాటుకు పోతాడు. పదహారు మీటర్లంటే అయిదంతస్తులు. ఈ రోజులలో చిన్న పట్టణాలలో కూడా అది ఎత్తు కిందికి రాదు. నాలుగు వైపులా గుండ్రంగా గీసిన కంచె, ఒకే దిక్కు నుంచి సన్నగా సూదివలె వచ్చే వస్తువుకు పనికిరాదు. దానికి కావలసినది తూర్పున ఇరుకుగా, బహుదూరం పోయే ఒక బాట. అది కూడా అంతటా ఒకే ఎత్తు కాదు. గుమ్మానికి దగ్గర పూరిపాక, ప్రకటన పలక, చెట్టుకొమ్మ కూడా అడ్డే. దూరం పోయిన కొలదీ ఇంకొక అంతస్తు కట్టుకోనివ్వవచ్చును.

దేవాలయాల దస్త్రాలలో మాన్యాల వివరం ఉంటుంది, నగల వివరం ఉంటుంది, వాహనాల వివరం ఉంటుంది. సర్వే నంబరు లేని ఈ కిరణపు బాటను ఏ గడిలో వ్రాయవలెనో చెప్పడం కష్టమే. అయినా దానిని కొలవడం మాత్రం కష్టం కాదు. ఆలయ మధ్యరేఖ నుంచి కోణం తీసుకొని, గర్భాలయం నుంచి తూర్పునకు ఎంతెంత దూరంలో ఎంతెంత ఎత్తు దాటరాదో ఒక పటం గీసి, దానిని పురపాలక సంఘంలో ఇళ్ళ నక్షాలు మంజూరు చేసేవారి బల్ల మీద ఉంచవలెను. ఒక సర్వేయరు, ఒక కోణమాపకం, నాలుగైదు ఉదయాలు చాలును. పట్టణం తూర్పుకు పెరగకముందే జరగవలసిన పని ఇది; భవనం లేచిన తరువాత ఏ పటమూ దానిని దించలేదని డాలస్‌లోనూ ఢిల్లీలోనూ తేలినది. అక్టోబరులో మబ్బు పట్టవచ్చును గనుక కొలతకు మార్చి ఉదయాలే మేలు.